కాలువ వీధిలో పెట్టిన చెట్లు

మా అక్క చివరిగా చేసిన పని కట్టరు బ్లేడు మార్చడం. అరిగిన బ్లేడును పాత పేపరులో చుట్టి, మీద టేపు వేసి, "చెత్త తీసేవాడి చెయ్యి తెగుతుందే" అంటూ బుట్టలో పడేసింది. కొత్తది బిగించింది. కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళింది. మళ్ళీ లేవలేదు.

చాలా ఏళ్ళు ఆమె ప్లానింగ్ ఆఫీసులో నమూనాలు చేసింది. వంతెనైనా బస్టాండైనా ముందు అట్టముక్కలతో అక్క బల్ల మీద లేవాల్సిందే. శివారుకి లైట్ రైలు వేస్తామన్నప్పుడు కూడా ఆ పని ఆమెకే వచ్చింది.

రైలుకి రెండు దారులున్నాయి. పెద్దరోడ్డు మీదుగా వస్తే దుకాణాల మెట్లు, బోర్డులు, బండ్లు ఆపుకునే జాగా పోతాయి. కాలువ వీధి మీదుగా వస్తే ఒక వరస ఇళ్ళు మొత్తం పోతాయి. దుకాణాలవాళ్ళకి కౌన్సిలర్ అండ ఉంది. కాలువ వీధికి ఎవరూ లేరు. ఏ దారో తేల్చేముందు జనం మాట వినాలి కాబట్టి సభ పెట్టారు.

సభ ముందురోజు అక్క ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. కౌన్సిలర్‌ని వెంటబెట్టుకుని ఆఫీసు పెద్దసారు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడట.

"ఏంటమ్మా, కాలువ పక్కన ఇన్ని ఇళ్ళు పెట్టావు? ఇరుగ్గా లేదూ?"

"ఉన్నవే పెట్టాను సార్."

"ఉన్నవన్నీ పెట్టాలంటే కుక్కల్నీ కాకుల్నీ కూడా పెట్టాలి మరి" అన్నాడట కౌన్సిలర్.

"తీసేసి చెట్లు పెట్టు, పచ్చగా ఉంటుంది. నీ కాంట్రాక్టు పొడిగించే కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది కదా" అన్నాడట పెద్దసారు.

ఇద్దరి గొంతులూ అచ్చంగా దించేసింది గానీ అక్క మొహంలో నవ్వు లేదు.

"మరేం చేశావక్కా?"

"ఏం చేస్తాను, పీకేశాను. చెట్లు భలే కుదిరాయిలే. కావాలంటే వెళ్ళి నీడలో కూర్చో."

మా ఇద్దరి సంసారం ఆ ఉద్యోగం మీదే నడిచేది.

నమూనా బల్ల రెండోవైపు పట్టుకోవడానికి మర్నాడు నన్నూ తీసుకెళ్ళింది. హాలు కిటకిటలాడుతోంది. జనం బల్ల చుట్టూ మూగారు. "ఇదిగోరా మన టైలరు కొట్టు!" "మా మేడ చూడు, అసలుకంటే ఇదే శుభ్రంగా ఉంది!" అని పెద్దరోడ్డువాళ్ళు మురిసిపోతున్నారు. కాలువ వీధివాళ్ళు వచ్చారు, చూశారు, తమ ఇళ్ళుండాల్సినచోట చెట్లున్నాయి.

"మన వీధిలో అడివెప్పుడు మొలిచిందిరా?" అన్నారెవరో.

"అది ఊరికే అందానికండీ" అన్నాడు పెద్దసారు మైకులో.

అప్పుడొక ముసలావిడ మోచేతులతో దారి చేసుకుంటూ ముందుకొచ్చింది. బల్ల మీదికి వంగి ఆ చివర నుంచి ఈ చివరికి వెతికింది. జిగురు సీసాతో నిలబడ్డ అక్క వైపు తిరిగింది.

"అమ్మాయ్, మా ఇల్లేదే?"

అక్క పెద్దసారు వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు మెల్లగా తల ఆడించాడు. కౌన్సిలర్ ఫోను చెవి దగ్గర నుంచి దించాడు.

అక్క సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచింది. లోపల దూది పరిచి, పీకేసిన ఇళ్ళన్నీ పేర్చి ఉన్నాయి.

"ఎక్కడ పెద్దమ్మా, చూపించు."

ముసలావిడ కాసేపు తటపటాయించి, కాలువ మలుపు దగ్గర వేలు పెట్టింది. అక్క అక్కడి చెట్టు పీకి, జిగురు చుక్క వేసి, ఇల్లు నిలబెట్టి, అంటుకునేదాకా వేలితో అదిమి పట్టింది.

"మాది దాని పక్కనే!" అని వెనకనుంచి ఒక గొంతు. "మాది పంపు దగ్గరమ్మా!" అని ఇంకొకటి. అక్క తలెత్తకుండా ఒక్కొక్క చెట్టే పీకుతోంది, ఒక్కొక్క ఇల్లే పెడుతోంది.

"ఏయ్, నువ్వు బయటికి నడువ్!" అని అరిచాడు పెద్దసారు. మైకు చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయాడు. ఇక ఆ హాలును అదుపుచేయడం ఎవరి వల్లా కాలేదు.

రైలు చివరికి పెద్దరోడ్డు మీదుగానే వచ్చింది. అక్క కాంట్రాక్టు మీద సంతకం పడలేదు. ఆ తర్వాత ఇంట్లోనే కాలేజీ పిల్లలకి నమూనాలు చేసిపెడుతూ బతికింది. ఎవరైనా మెచ్చుకుంటే విసుక్కునేది. "నాదేముంది? డబ్బా మూత తీసే ధైర్యం నాకెక్కడిది? ఆ పెద్దావిడ తన ఇల్లు పోతోందని వచ్చి అడిగింది గనక."

అక్క పోయాక ఆ పెద్దావిడ పలకరించడానికి వచ్చింది. మంచినీళ్ళిచ్చి, కాలువ మలుపు దగ్గరి ఇల్లు బాగుందా అని అడిగాను.

"మాది ఆ వీధి కాదమ్మా" అంది. "మేముండేది కాలువ అవతల. ఆ బల్ల మీద అంతదాకా లేనేలేదు. అందరూ ఎవరిల్లు వాళ్ళు చూసుకుంటుంటే నాకూ ముచ్చటేసి అడిగాను. మీ అక్క అంత ఆపేక్షగా చూపించమనేసరికి లేదనలేక, ఏదో ఒకచోట వేలు పెట్టాను."