చీకటి కొట్టులో రాణి రంగు

సార్ పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది రాణి. రాణి అంటే ఆడమనిషి కాదు. గద్వాలలో మా వీధి చివర మిషను కుట్టుకునే టైలర్. మా నాటకంలో ముప్పై ఏళ్లకు పైగా రాణి వేషం ఆయనదే. రాజు వేషం నాది. నేను ఆడదాన్ని. ఈ తిరకాసంతా పెట్టిన మనిషే ఆ పొద్దున పోయారు.

నేను వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో కండక్టర్‌ని. పెబ్బేరు దాటాక ఫోన్ మోగింది. "రాజా, సార్ పోయిండు. తెల్లారంగ దవాఖానల పోయిండు" అన్నాడు టైలర్ కాకా. నేను ఊఁ అని పెట్టేశాను. ఎర్రవల్లి చౌరస్తాలో దింపమని ఒక ముసలమ్మ రెండుసార్లు చెప్పి ఉంది. ఆమెను దింపకుండానే బస్సు పోనిచ్చాను. తర్వాతి స్టేజీ వచ్చేదాకా ఆమె నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టనీ అనుకున్నాను. ఆ రోజు ఎవరో ఒకరు నన్ను తిట్టాలనే ఉండింది నాకు.

మర్నాడు పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆడపిల్ల నెత్తిన కిరీటం పెట్టిన నాటక గురువు ఇక లేరు అని. అబద్ధం కాదు. కానీ సగమే. ఆ సగం పట్టుకుని అందరూ మెచ్చుకుంటుంటే నాకు కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే ఎటైనా పోవాలనీ ఉంది. మిగతా సగం మీకు చెబుతాను.

సార్ బడి పంతులు కాదు, నేతగాడు. గద్వాల చీరలు నేసేవారు. గుంత మగ్గంలో కాళ్లు దింపి కూర్చుని, చీర నేస్తూనే నాటకం నేర్పేవారు. నేర్చుకునేవాళ్లం గోడకు ఆనుకుని నిలబడేవాళ్లం. తప్పు పాడితే తిట్టడం ఉండేది కాదు. మగ్గం ఆగిపోయేది. అంతే. ఆ టకటక ఆగగానే పద్యం మొదటి నుంచి ఎత్తుకునేవాళ్లం. సరిగ్గా పాడితే మళ్లీ మొదలయ్యేది. గొంతు బాగా పలికిన రోజు మాత్రం జేబులోంచి ఒక లవంగం తీసి చేతిలో పెట్టేవారు. దానికోసం మేం కొట్టుకు చచ్చేవాళ్లం.

మా అమ్మ సార్ వాళ్లింట్లో దారం కండెలు చుట్టేది. చిన్నప్పటి నుంచీ అమ్మ పక్కన కూర్చుని వినీ వినీ నాకు నాటకమంతా నోటికొచ్చేసింది. ఆ నాటకం ఏ పుస్తకంలోనూ లేదు. సార్ తాత కట్టింది. కథ చిన్నదే. ఒక రాజు కోట పోగొట్టుకుంటాడు. పగవాడు అతన్ని చీకటి కొట్టులో వేస్తాడు. రాణి వేషం మార్చి, ఊళ్లు తిరిగి, చివరికి ఆ కొట్టు తలుపు దగ్గరికి వస్తుంది. ఆమె ఒంటి తెలుపుకు లోపల వెన్నెల కాసినట్టవుతుంది. ఆ వెన్నెల చూసి రాజు తన రాణిని గుర్తుపడతాడు. అక్కడొచ్చే వెన్నెల పద్యం అటు వడ్డేపల్లి నుంచి ఇటు వీపనగండ్ల దాకా నాటకం చూసే ప్రతివాడికీ వచ్చు. రాజు ఎత్తుకోగానే కింద కూర్చున్న జనం కూడా అందుకునేవాళ్లు.

కాబట్టి రాణి తెల్లగా ఉండాలి. షరతు అదొక్కటే. ఆడదై ఉండాలని ఎవరూ అనలేదు. టైలర్ కాకా పచ్చటి మనిషి. మీసం గీసేసి పౌడరు కొడితే, గడ్డం గరుకు కనిపిస్తున్నా సరే, "అబ్బ, రాణంటే గిట్లుండాలె" అనేవాళ్లు.

నేను నలుపు. చామనఛాయ అని మర్యాదకు అంటారు చూడండి, ఆ మర్యాద కూడా నాకెవరూ చేయలేదు. ఇంటా బయటా నన్ను కర్రెపిల్లా అనే పిలిచేవాళ్లు. అయినా పదిహేడేళ్ల వయసులో నాకున్న కోరిక ఒక్కటే. ఆ చీకటి కొట్టు తలుపు దగ్గర నిలబడి రాణి మాటలు నేను చెప్పాలి.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "సార్, టైలర్ కాకాకు పొట్ట వచ్చింది గద. ఈయేడు రాణి వేషం నేను కడ్త."

మగ్గం ఆగింది. సార్ నా మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత, "రాజు కడ్తవా బిడ్డా?" అన్నారు.

అప్పటిదాకా రాజు వేషం వేసిన ఆయనకు దమ్ము వ్యాధి వచ్చి పద్యం లాగలేకపోతున్నాడు. రాజంటే నాటకానికే పెద్ద వేషం. అది నాకిస్తానంటున్నారు. ఉబ్బిపోయాను. రాణి సంగతి మరిచిపోయానని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

మా ఆటలో ఒక ఆచారం ఉంది. కొత్త రాజు కాళ్లకు పాత రాజు గజ్జెలు కట్టాలి. అప్పుడే వేషం చేతులు మారినట్టు. శ్రీరంగాపూర్‌లో నా మొదటి ఆట. సాయంత్రం అందరూ ముస్తాబవుతున్నారు. కిరీటం పెద్దదై కళ్ల మీదికి జారుతుంటే సార్ ఒక నూలు చిలప, మగ్గం దారపు చుట్ట, నా నెత్తికి చుట్టి దాని మీద కూర్చోబెట్టారు. గజ్జెలు పాత రాజు ముందు పెట్టారు. ఆయన వాటిని కాలితో పక్కకు నెట్టాడు.

"ఆడపోరి కాళ్లు నేను వట్టుకోవాల్నా? ఏంది పంతులూ, నీకు సోయి ఉన్నదా?"

సార్ ధోవతి సర్దుకుని నా ముందు నేల మీద కూర్చున్నారు. అంత పెద్దమనిషి నా పాదం తన తొడ మీద పెట్టుకుని గజ్జెలు కట్టారు. నేను కాలు లాక్కోబోతే చీలమండ గట్టిగా పట్టుకున్నారు. "అంచు పట్టుది, ఒళ్లు నూలుది. రెండూ అతకవనే అంటరు అందరు. పోగు పోగు కలిపితే చీరైతలేదా? లేచి నిలవడు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మీసం ఊడుతుందని ఆపుకున్నాను.

ఆ ఆటలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నిండు దర్బారులో మంత్రి నన్ను నిలదీస్తాడు. సిగ్గుతో తల దించాలి. తల దించాను, చెయ్యి దానంతటదే పైకి పోయి లేని ఓణీని భుజం మీద సర్దింది. జనం గొల్లుమన్నారు. "రాజుగారి పైట జారింది" అని ఎవడో అరిచాడు. హార్మోనియం దగ్గరున్న సార్ రాగం ఆపకుండా సాగదీశారు, సాగదీశారు. నేను మళ్లీ తలెత్తేదాకా సాగదీశారు. మర్నాడు, "మీసం మూతి మీద ఉంటే సాలదు బిడ్డా, మాటల ఉండాలె" అన్నారు. ఒక పాత కండువా తెచ్చి నా భుజాన వేశారు. "ఇగ నువ్వెంత సర్దినా రాజు సర్దుకున్నట్లే ఉంటది."

అలా ఇరవై అయిదేళ్లు. పెళ్లయినా, ఉద్యోగమొచ్చినా, ఆటకు మాత్రం సెలవు పెట్టి పోయేదాన్ని. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి రమ్మని అరిస్తే ఇప్పటికీ రాజు గొంతే వస్తుంది. నా నోటికి భయపడి డ్రైవర్లు సర్దుకుపోతారంటే, అది సార్ పెట్టిన భిక్షే.

పోయిన చలికాలం వనపర్తిలో సార్‌కు శాలువా కప్పారు. ఆడమగ తేడా చెరిపేసిన ధైర్యశాలి అని మైకులో ఒకరి తర్వాత ఒకరు పొగిడారు. సార్ తల ఎత్తలేదు. శాలువా కుచ్చులు విప్పి ముడేయడం, ముడేసి విప్పడం. ఆ చేతులు నాకు తెలుసు. పోగు తెగినప్పుడు అలాగే తడుముకుంటాయి. ఆ వారం సెలవు రోజున వాళ్లింటికి పోయాను. ఇన్నేళ్లు లోపల ముల్లులా ఉన్నదాన్ని బయటపెట్టేశాను.

"సార్, ఆ యేడు నాకు రాణి ఎందుకియ్యలే?"

మగ్గం ఆగింది.

"జనం నవ్వుతరని బిడ్డా."

"మీసం వెడితే నవ్వలేదా?"

"నవ్విన్రు. అది వేరే నవ్వు. ఆడివిల్ల రాజైతె జరసేపు నవ్వి ఊకుంటరు. గొంతు బాగుంటే మెచ్చుకుంటరు. మొగోడు రాణైతె అసలే నవ్వరు. కర్రెపిల్ల రాణైతె మాత్రం ఊకోరు. వెన్నెల పద్యం కాడ ఇజ్జత్ తీస్తరు. నీ కోసం భయపడ్డ." నేతను చేత్తో నిమురుతూ మళ్లీ అన్నారు. "లేదు బిడ్డా. అదీ అబద్ధమే. నా నాటకం కోసం భయపడ్డ."

నా కాళ్లకు గజ్జెలు కట్టిన మనిషీ, నాకు రాణి వేషం ఇవ్వడానికి భయపడ్డ మనిషీ ఒక్కరే. ఆ రెండూ ఒకే యేడు చేశారు. "ఇదే ముచ్చట మొన్న మైకుల చెప్పకపోతిరి" అని వచ్చేశాను. పెద్దమ్మ, అంటే సార్ భార్య, తెచ్చిన చాయ్ కూడా ముట్టలేదు.

ఆ తర్వాత సార్ కబుర్లు పంపారు. గద్వాలలో బస్సెక్కే మా వీధి వాళ్లు టికెట్ తీసుకుంటూ, "సార్ జర వచ్చిపొమ్మన్నడు" అనేవాళ్లు. "డ్యూటీ ఉన్నదని చెప్పు" అనేదాన్ని. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ఒకసారి చిన్న కాగితం పొట్లం ఇచ్చి పంపారు. విప్పితే నాలుగు లవంగాలు. టికెట్ల సంచిలో పడేశాను. రెండు నెలలకు ఫోన్ వచ్చింది.

క్షమించానో లేదో నాకే తెలియదు. ఒక్కసారి పోయి ఉండాల్సింది. ఇది మాత్రం తెలుసు.

పదకొండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పెద్దమ్మ నన్నూ టైలర్ కాకానూ మగ్గం గదిలోకి పిలిచింది. మగ్గం మీద చీర సగంలో ఉంది. కాకా గోడకు చేరగిలబడి, "సార్ నా పానం తీసిండు రాజా" అన్నాడు. "మూడు నెలల సంది నాతోటి రాజు మాటలు బట్టీ పట్టించిండు. ఈ వయసుల."

"ఎందుకు?"

"నిన్ను రాణిని చేస్తడంట. వెన్నెల పద్యం తీసేసిండు."

నేను నమ్మలేదు. ఆ పద్యం తీసేస్తే జనం స్టేజీ పీకేస్తారు. పెద్దమ్మ చెప్పింది. "ఒకనాడు నేసుకుంట నేసుకుంట ఆపి, ఒక్కడే నవ్వబట్టిండు. ఏందయ్యా అంటే, 'మా తాత, మా నాయిన, నేను, ఒక్కనికి తెలివి లేకపాయెనే. అది చీకటి కొట్టు గద. చీకట్ల రాణి రంగు రాజుకెట్ల కనవడ్తది? గొంతు వట్టి గుర్తువట్టాలె గాని' అన్నడు. నీకు చెప్దమని ఎంత కబురు వెట్టిన రాకపోతివి."

నాకు నవ్వొచ్చింది, వెంటనే మండింది. ఇంత చిన్న ముక్కకు ఇరవై అయిదేళ్లా! పైగా, చీకట్లో అయితేనే నేను రాణినా? వెలుగులో పనికిరానా? ఆ మాటే అనేశాను.

"ముందుగాల మూడు సీన్లు దర్బార్లనే గదనే" అన్నాడు కాకా. "నిండు లైట్ల ముందర. నీకు పౌడర్ డబ్బా ఇయ్యొద్దని నాతోటి ఒట్టు వెట్టించుకున్నడు. గజ్జె సుత నీ చేతుల మీదనే నాకు కట్టియ్యాలన్నడు. నవ్వెటోళ్లు నవ్వనీ, రాగం సాగదీస్తనన్నడు."

ఇక సాగదీసేవాళ్లు లేరు.

పెద్దమ్మ లేచి కిటికీ రెక్కలు మూసింది. తలుపు కూడా దగ్గరికి వేసింది. గుంత మగ్గం గది, పట్టపగలే చీకటైంది. కాకా కొట్టులోని రాజు మాట కోసం గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్లు రాణిగా సన్నగా పలికిన గొంతు, బొంగురుగా, ముసలిగా, ఎవరో తెలియని మనిషిది అయిపోయింది.

"ఎవరది?"

భుజానున్న టికెట్ల సంచిలోని పొట్లం తడిమి ఒక లవంగం నోట్లో వేసుకున్నాను. రాణి మాటలు నాకు అమ్మ పక్కన కండెలు చుట్టిన రోజుల నుంచీ వచ్చు. 'నేనే' అనాలి, తలుపు దగ్గర రాణి మొదటి మాట అదే.

"నేనే" అన్నాను. రాజు గొంతు వచ్చింది. బస్సులో అరిచే గొంతు.

పెద్దమ్మ కిటికీ తీయలేదు. చీకట్లో కాకా మళ్లీ అడిగాడు.

"ఎవరది?"