రాతి అల్పాకా పస్తు

ఇమాతా అనే కొండ ఊరు దాటాక కనుమ మీద మా లారీ ఆగింది. దారికి అడ్డంగా, గొర్రెల్లా ఉన్నికోసం పెంచే పొడుగుమెడ అల్పాకాల మంద. వెనక ఒడిసెల పట్టుకుని యాభై దాటిన ఆవిడ.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏం మేడమ్, ఇవ్వాళా ఫైళ్లు కదలవా?"

"ఇవి నీలాంటివి కావయ్యా, చెయ్యి తడిపితే కదలడానికి. కాసేపాగు."

ఇంజను కూడా కాస్త చల్లారాలన్నాడతను. ముసలి ప్రయాణికుణ్ణి, దిగి ఆవిడ పక్కన బండమీద చతికిలబడ్డాను. పేరు హెర్మెలిందా. అరెకిపాలో ఓ నోటరీ దగ్గర సగం జీవితం దస్తావేజులు రాసి, మానేసి, ఈ చలిలో మంద పెట్టుకుంది. ఈ దారిలో అందరికీ ఇంకా మేడమే. కొలువు విసిరికొట్టి సన్యాసం పుచ్చుకున్నవాళ్లను నేను చాలా దేశాల్లో చూశాను. ఎక్కువమంది చలికాలానికల్లా కుర్చీ వెతుక్కున్నారు. ఈవిడ పెదవులు గాలికి పగిలి ఉన్నాయి, అయినా కుర్చీ ఊసెత్తలేదు.

భుజాన కట్టుకున్న దుప్పటిలోంచి పిడికెడంత రాతి అల్పాకాను తీసి నా చేతిలో పెట్టింది. వీపున చిన్న గుంట, నిండా కొవ్వు, కోకా ఆకులు. మంద చల్లగా ఉండాలంటే ఏటా ఆగస్టులో ఆ గుంట నింపి రాతికి తిండి పెట్టాలట.

"నా చదువుకోసం అమ్మ మందంతా అమ్మేసింది తాతా. ఈ రాయి మాత్రం నాకిచ్చింది. నేనేమో కాగితాలెగరకుండా బల్లమీద పెట్టుకున్నాను. గుంటలో గుండుసూదులు పోసుకున్నాను."

"అమ్మ చూసిందా?"

"ఒకసారి ఆఫీసుకొచ్చింది. తిట్టలేదు. సూదులన్నీ ఏరి పక్కన పెట్టింది. గుంటలోకి ఉఫ్‌మని ఊది, 'ఎన్నాళ్లుగా పస్తుంచావే దీన్ని?' అంది. ఊరెళ్లిపోయింది. ఆ వానల్లోనే పోయింది."

అమ్మ మంద వేయించిన బార్లీ రంగుదట. ఇప్పుడు అందరూ తెల్లవే పెంచుతారు, తెల్ల ఉన్నికే రంగు పడుతుంది. హెర్మెలిందా ఊళ్లన్నీ గాలించి ఆ బార్లీ రంగు మగదాన్ని ఒకదాన్ని తెచ్చింది. పుట్టిన పిల్లలన్నీ తల్లుల్లాగే తెలుపు.

"ఒక్కటి చాలు తాతా. ఆ రంగుది ఒక్కటి నా దొడ్లో నడిస్తే, అమ్మ దొడ్లోకొచ్చినట్టే."

"తెల్లవాటికే ధర మేడమ్! దేవుడు మీ వైపే ఉన్నాడు" అన్నాడు డ్రైవరు.

"ఆయన్ని నీ లారీ ఎక్కించుకుని తీసుకుపోరా నాయనా."

నేను నవ్వేలోపు ఆవిడ లేచి నిలబడింది. దారి పక్క వాగు అవతల ఓ ఆడ అల్పాకా మందను విడిచి ఒంటరిగా నిలబడింది. దాని వెనకనుంచి ఏదో జారి గడ్డిలో పడింది. ముదురు రంగులో ఉంది. కానీ తడిసిన పిల్ల ఏ రంగుదైనా దూరానికి ముదురుగానే కనిపిస్తుంది, ఎండ తగిలి ఆరేదాకా ఎవరూ చెప్పలేరు.

హెర్మెలిందా రాయి నా చేతిలోంచి లాక్కుంది. ఒడిసెల బండమీదే మరిచిపోయింది. డ్రైవరు హారను కొట్టినా వినలేదు. నా మొహం కూడా చూడకుండా వాగు నీళ్లలో అడుగుపెట్టి ఆ పిల్లవైపు నడిచిపోయింది.