మా ఇంట్లో మొదటి ఇన్‌కంట్యాక్స్

దసరాకు అరవై వేల బోనస్ ఇస్తున్నామని మా మేనేజర్ చెప్పిన రోజు, సాయంత్రం దాకా ఆగలేక ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను. జగదేవ్‌పూర్ దారిలో ఒక విత్తనాల గోదాములో నేను సూపర్‌వైజర్‌ని. పదకొండేళ్లలో పండుగకు స్వీటు డబ్బాయే తప్ప బోనస్ అనే మాట వినలేదు.

నేను సిద్దిపేటలో ఇల్లు చేరేలోపే నా భార్య ఆ డబ్బుకు దారి చూపించింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. యాభై ఐదు వేలు పెట్టి ఎంబ్రాయిడరీ మిషన్, మిగతా ఐదు వేలకు పండుగ బట్టలు. దుకాణంవాళ్లతో బేరం కూడా అయిపోయింది.

పండుగకు వారం ముందు ఖాతాలో పడింది నలభై రెండు వేల ఎనిమిది వందల నలభై.

పొద్దున చాయ్ తాగుతూ కరెంటు బిల్లు వెనక లెక్క మొదలుపెట్టాను. బోనస్ మీద ముప్పై శాతం పోతుందని గోదాములో ఒకాయన చెప్పాడు. అట్లయితే పద్దెనిమిది వేలు పోవాలి. ఇంకొకాయన పది శాతమన్నాడు. అట్లయితే ఆరు వేలే. నాకు పోయింది పదిహేడు వేల నూట అరవై. ఏ శాతానికీ అతకలేదు.

పక్కనే కూర్చున్న బాపు ఎవరు కోశారని అడిగాడు. సర్కారుకు ఇన్‌కంట్యాక్స్ కింద పోయిందన్నాను.

"మన ఇంట్ల ఇన్‌కంట్యాక్స్ కట్టుడా?" అన్నాడు బాపు. గొంతులో బాధ లేదు, సంబరం ఉంది.

బాపు మహారాష్ట్రలోని భివండీలో ఇరవై ఏళ్లు మరమగ్గం నడిపి వచ్చిన మనిషి. మీటరుకింత అని కూలి తీసుకోవడమే తెలుసు. ఆయన లెక్కలో పన్ను కట్టేది మగ్గాల షేట్లు, కార్లున్నవాళ్లు. అటువంటిది, తన కొడుకు జీతంలోంచి సర్కారు వాటా తీసుకుంది. తువ్వాల భుజాన వేసుకుని చాయ్ హోటల్‌కు నడిచాడు. సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది. చిట్టీలు నడిపే ఆయన వచ్చి, నా స్థాయికి రెండు లక్షల చిట్టీ చిన్నదైపోయిందని, ఐదు లక్షలదాంట్లో చేరమని అరగంట కూర్చున్నాడు. లోపల నా భార్య మిషన్‌కు పన్నెండు వేలు తక్కువైందని డబ్బాలన్నీ వెతుకుతోంది.

మర్నాడు అకౌంట్స్ మేడం దగ్గరికి కోపంగానే వెళ్లాను. ఆమె నా కాగితం బయటికి తీసింది.

"బోనస్‌కు వేరే ట్యాక్స్ ఉండదు సార్. జీతంల కలిపి చూస్తం" అంది.

కోతలన్నీ పోగా నా ఏడాది జీతం నాలుగు లక్షల అరవై వేలు. నేను పెట్టుకున్న పాత పన్ను పద్ధతిలో ఐదు లక్షల దాకా పన్ను మాఫీ. బోనస్ కలిసేసరికి ఐదు లక్షల ఇరవై వేలయింది. గీత దాటాక మాఫీ మొత్తం పోతుందట. రెండున్నర నుంచి ఐదు లక్షల దాకా ఐదు శాతం, అంటే పన్నెండు వేల ఐదు వందలు. పైనున్న ఇరవై వేల మీద ఇరవై శాతం, నాలుగు వేలు. ఆ రెంటి మీద నాలుగు శాతం సెస్సు ఆరు వందల అరవై. రూపాయితో సహా కలిసింది. లెక్క తేలిన సంతోషంలో కోపం సంగతే మరిచిపోయాను.

కొత్త పద్ధతి పెట్టుకుంటే ఒక్క రూపాయి పన్ను పడకపోయేదని, ఇది ఎందుకు పెట్టారని ఆమె అడిగింది. ఏప్రిల్‌లో ఏ పద్ధతి కావాలో అడిగే ఫారం గోదాములో తిరిగినప్పుడు నా ముందాయన దేని మీద టిక్కు పెట్టాడో నేనూ దాని మీదే పెట్టాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. రిటర్ను వేసేటప్పుడు మార్చుకోవచ్చని ఆమే ధైర్యం చెప్పింది.

మిషన్ మాత్రం ఆగలేదు. నా భార్య బియ్యం డబ్బాలో దాచుకున్న డబ్బు కలిపి తెచ్చుకుంది.

జూలైలో రిటర్ను వేయించడానికి వెళ్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని బాపు కూడా బయలుదేరాడు. ట్యాక్సులు చూసే ఆయన కంప్యూటర్లో పద్ధతి మార్చి, కట్టిందంతా వాపస్ వస్తుందన్నాడు. బాపు మొహం చిన్నబోయింది.

"అంటే మనం ఏం కట్టనట్టేనా?"

"కట్టనట్టే, పెద్దాయన."

"ఎంతో కొంత ఉంచుకొమ్మని రాయరాదు సారూ. పూర్తిగ వాపస్ గుంజుకుంటే ఏం బాగుంటది?"

ఆయన నవ్వి కుర్చీ ఇటు తిప్పాడు. "మీరు ఎన్నడో కట్టుడు షురూ చేసిన్రు. సబ్బు కొన్నా, చాయ్‌పత్త కొన్నా అండ్ల సర్కారు పన్ను ఉంటది."

 తిరిగి వచ్చే దారిలో బాపు కిరాణా దుకాణం ముందు నన్ను ఆపి, పావు కిలో చాయ్‌పత్త తీసుకుని, బిల్లు కావాలని పట్టుబట్టాడు. ఎండలో నిలబడి, అద్దాలు పెట్టుకుని, పన్ను రాసిన చోటు మీద వేలు పెట్టి నాకు చూపించాడు.

మూడు వారాలకు పదిహేడు వేల నూట అరవై వాపస్ పడ్డాయి. ఆ ముచ్చట మా గల్లీలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.