పంప్‌హౌస్‌కు గుమ్మటం

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది, రియాద్ శివారు సులైలో ఒక కాంట్రాక్టు కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. నా పై ఇంజనీరు హాగోప్, బీరూట్‌లో పుట్టిన ఆర్మీనియన్. లెక్కల్లో ఘనుడు, గీత మాత్రం వంకర.

బీరూట్‌లోనే ఉంటున్న, ఎనభై దాటిన ఆయన తల్లికి చూపు తగ్గిపోతోంది. ఆమె చిన్నప్పుడు వదిలివచ్చిన టర్కీ పల్లెలో ఒక రాతి చర్చి ఉండేది. తర్వాత అది ధాన్యం కొట్టయింది, ఆ తర్వాత దాని రాళ్లు ఊళ్లో ఇళ్ల గోడలకెక్కాయి. ఫోటో లేదు. ఆమె ఫోన్లో చెప్పిన గుర్తులతో ప్లాను గీసిపెట్టమన్నాడు హాగోప్. చూపు ఉండగానే ఆమె చూసి ఔననాలి. ఆ చర్చిని ఎరిగినవాళ్లలో ఇక మిగిలింది ఆమె ఒక్కతే.

సౌదీలో చర్చి బొమ్మ నిషిద్ధం. సెలవుకు ఇంటికెళ్తూ దానితో విమానాశ్రయంలో దొరికితే ఆయన సెలవు కాస్తా మళ్లీ తిరిగి రానివ్వని ఫైనల్ ఎగ్జిట్ అవుతుంది, వెనకాలే నాదీను. అందుకని టైటిల్ బ్లాకులో, అంటే షీటు మూలన పేరు రాసే గడిలో, 'పంప్‌హౌస్' అని రాశాను. బలిపీఠానికి 'మోటారు దిమ్మ' అని పేరు పెట్టాను.

టైటిల్ ఉన్న షీటుకు నంబరు వేయడం, నంబరు పడ్డదాన్ని ఆమోదముద్ర వేసే కన్సల్టెంటుకు పంపడం మా ఆఫీసు పద్ధతి. గుమస్తా శ్రద్ధగా పంపేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొద్దిరోజులకు షీటు 'షరతుతో ఆమోదం' ముద్రతో తిరిగొచ్చింది. మోటారు పట్టదట, తలుపు పెద్దది చేయాలట. పంప్‌హౌస్‌కు గుమ్మటం ఎందుకన్న ఊసే లేదు.

జగిత్యాల ఫోర్‌మన్ రాజన్న కాపీ కోసం వచ్చాడు.

"సారూ, గీ పంపుహౌసుకు యాడ తవ్వాలె?"

"నీళ్లింకా పడలేదు రాజన్నా, ఆగు."

"పడ్డంక పిలువున్రి," అని వెళ్లిపోయాడు.

షరతు ప్రకారం తలుపు పెంచాను. కొత్త షీటుకు ఆమోదం ముద్ర పడింది, పాతది రద్దయి చిత్తుబుట్టలోకి వెళ్లింది. హాగోప్ కొత్తది పట్టుకెళ్లాడు. కస్టమ్స్‌వాళ్లు ముద్ర చూసి మడతపెట్టి ఇచ్చేశారట.

తల్లి కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూసిందట. "ఇది మా చర్చే. తలుపెవరు పెంచారు? గుర్రాలమీద వచ్చేవాళ్లు లోపలికి జొరబడకూడదని కదా, వంగి వెళ్లేంత తలుపు పెట్టుకున్నాం," అందట.

హాగోప్ తిరిగొచ్చి ఈ మాట చెప్పగానే సిగ్గేసింది. తలుపు తగ్గించి మళ్లీ గీసిచ్చాను, ఈసారి నంబరు లేకుండా. గీసిన నేనూ ముద్ర వేసినవాళ్లూ సరిగా చూడని ఆ ముద్ర షీటును, చూపు ఆనని మనిషి చూసింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తలుపు పెంచమని ఎవరు రాసినా, లోపలికి వచ్చేదెవరో అడిగాకే పెన్సిలు పట్టాను.