దూలానికి కట్టిన పసుపు గుడ్డ

ఈ రోజు బెజవాడలో మేము కట్టుకుంటున్న మగ్గాల షెడ్డు పైకప్పు చూడటానికి మునిసిపాలిటీ ఓవర్సీయరు గారు వచ్చారు. దూలాల అతుకులకు ఇనుప పట్టీలు బిగించి ఉంటేనే సంతకం పెడతారట. అన్నీ చూసి, నడిమి అతుకు దగ్గర ఆగారు. దూలం ఎత్తిన రోజు అమ్మ కట్టించిన పసుపు గుడ్డ దాన్ని పూర్తిగా కప్పేసింది.

"అది విప్పించండి," అన్నారు.

"పూజ చేసి మగ్గం పెట్టేదాకా విప్పకూడదు బాబూ," అంది అమ్మ.

"నేను సంతకం పెట్టందే మగ్గం ఎలా పెడతారమ్మా?"

రేపు మళ్ళీ వస్తానని ఆయన వెళ్ళిపోయారు.

అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. యుద్ధం మూలాన ఇనుము దొరకని రోజులు. వడ్రంగి అక్కడ అసలు పట్టీ వేశాడో లేదో నేనూ చూడలేదు. సాయంత్రం నుంచి కృష్ణ మీద గాలి కూడా లేచింది. అమ్మేమో ఎవరూ ఎక్కి గుడ్డ విప్పకుండా నిచ్చెన పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

మీరైతే ఏం చేస్తారండీ?