ఉప్పునీటి చేపలకి కుళాయి నీళ్లు

మా కాలేజీ జువాలజీ ల్యాబులో సముద్రపు చేపల తొట్టె ఒకటుంది. ఎండలకి నీళ్లు ఆవిరై తగ్గిపోయాయని నిన్న సాయంత్రం నేనే రెండు బకెట్ల కుళాయి నీళ్లు పోశాను. ఈ రోజు పొద్దున్న వెళ్లేసరికి నాలుగు చేపల్లో ఒకటి చచ్చి తేలింది. మిగతా మూడూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అనుమానమొచ్చి కుళాయి నీళ్లు కెమిస్ట్రీ మాస్టారికి ఇస్తే, ఆయన అందులో ఏదో మందు నాలుగు చుక్కలు వేశారు. నీళ్లు పసుపు రంగుకి తిరిగాయి. అమ్మోనియా ఉందన్నారు.

మా అటెండరు సింహాచలం సైకిలుకి రెండు క్యాన్లు కట్టుకుని బీచికి నాలుగుసార్లు తిరిగి సముద్రపు నీళ్లు తెచ్చాడు. ఇద్దరం తొట్టె ఖాళీ చేసి మళ్లీ నింపాం. మధ్యాహ్నానికి మూడు చేపలూ తేరుకున్నాయి. నాకు మాత్రం నిలబడే ఓపిక కూడా లేదు. చనిపోయింది రెండేళ్లుగా నా చేత్తో మేత తిన్న చేప.

సింహాచలం టీ తెచ్చిచ్చాడు.

"ఏ నీళ్లతో పెట్టావు?" అని అడిగాను.

"ఇంకేటి నీళ్లున్నాయి మేడమ్, ఆ కుళాయివే. సేపలకంటే సముద్రం ఉంది, మనకేటుంది? మరగబెట్టినాన్లెండి, తాగీయండి."

తాగేశాను. మీరైతే ఏం చేసేవారు?