గౌరి తొక్కని లాన్

పదేళ్ళకు పైగా ఒక గేదె నా గుండెల మీద పడుకుని ఉంది. నవ్వకండి. దాని పేరు గౌరి. మా పక్కింటి సత్యవతి గారిది. ఒకరినొకరం వదినగారనే పిలుచుకుంటాం.

అమలాపురంలో జానెడు జాగా కనబడితే కొబ్బరి మొక్క పాతుతారు. నేను లాన్ వేశాను. కాయ కాయదు, పువ్వు పుయ్యదు, ఎందుకన్నవాళ్ళందరితోనూ వాదించి నెగ్గాను. బీఎస్సీ బోటనీ చదివినదాన్ని, గడ్డి పెంచడం నాకొకరు చెప్పాలా? కోసిన గడ్డి గంపకెత్తి గోడ మీద పెడితే వదినగారు గౌరికి వేసుకునేవారు.

ఒక ఏడాది ఎండలకు లాన్ పాలిపోయింది. అప్పుడే మా ఆడపడుచు వస్తున్నట్టు కబురు. నా లాన్‌ని అందరికంటే ఎక్కువ వెక్కిరించింది ఆవిడే. త్వరగా పచ్చబడాలని, వరిచేలో చల్లినట్టు గుప్పిళ్ళతో యూరియా చల్లేశాను. చేలో పిక్కల దాకా నీళ్ళుంటాయి. నా లాన్‌లో తడే లేదు. నీళ్ళు పెడదామంటే కరెంటు పోయింది, ఆ తర్వాత నేనే మరిచిపోయాను. ఆడపడుచు దిగేసరికి లాన్ నిండా పళ్ళేలంత మాడిన మచ్చలు.

ఎందుకు మాడిందో తెలియదా నాకు? చూసిన క్షణంలోనే తెలిసింది. కానీ ఆవిడ గేటు దగ్గర నిలబడి నవ్వుతుంటే నా నోరు ఊరుకుంటుందా? గేదె మూత్రం పడినా గడ్డి అలాగే మాడుతుంది. అంతకుముందు వానాకాలంలో గౌరి ఒకసారి తాడు తెంపుకుని మా ఇంట్లోకి వచ్చింది కూడా. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని గోడ దగ్గరకు వెళ్ళి వీధంతా వినేలా అరిచాను.

"మీ గేదె చేసిన నిర్వాకం చూడండి వదినగారూ!"

"మా గౌరి పాక దాటలేదండీ, ఒట్టు."

"మీరు మధ్యాహ్నం గుర్రుపెట్టి పడుకుంటే అది మీకు చెప్పి వస్తుందా?"

ఆవిడ మచ్చల వంక చూశారు. "ఆయ్, పడుకున్న మాట నిజమేనండీ. వచ్చే ఉంటుందండీ. ఏమీ అనుకోకండి."

నెగ్గాను. వారం తిరక్కుండా గౌరిని ఐనవిల్లి వాళ్ళెవరికో అమ్మేశారు. తోలుకెళుతుంటే వదినగారు వీధి చివరిదాకా దాని వెనకే నడిచారు. కిటికీలోంచి చూస్తూ, ఇప్పుడు చెప్పేయనా అనుకున్నాను. చెప్పలేదు. ఎందుకు? చేసిన పనికి సిగ్గుపడా, ఓడిపోవడం చేతకాకా? రెండోదే.

ఆ తర్వాత లాన్‌ని కసిగా పెంచాను. వానల్లో నీరు నిలిచే పల్లాలను ఇసుకతో, ఒండ్రుతో మెత్తాను. చలికాలమంతా తుంగను వేళ్ళతో సహా పీకాను. వేసవిలో గడ్డిని కాస్త ఎత్తుగానే ఉంచి పొద్దున్నే తడిపాను. యూరియా తొలి వానలు పడ్డాకే. ఇప్పుడు నా లాన్ చూడాలి మీరు! వచ్చినవాళ్ళు గేటు దగ్గరే చెప్పులు వదిలేస్తారు. నేను మాత్రం వదలను, వట్టి కాళ్ళతో దాని మీద నడవడానికి మనసొప్పదు. కోసిన గడ్డి గోడ వారనే కుళ్ళుతుంది. వదినగారింట్లో కాఫీ ఇప్పుడు ప్యాకెట్ పాలది.

నిన్న సాయంత్రం లాన్‌లో కుర్చీలు వేయించాను. ఆడపడుచు కూడా వచ్చింది, మెచ్చుకుంది కూడా. వదినగారు మురిసిపోతూ, "అంతా మా వదినగారి చేతి చలవేనండీ. పాపం, ఒకసారి మా గేదె పాడుచేసేసింది కూడానండీ" అన్నారు.

ఇన్నేళ్ళూ నా అబద్ధాన్ని ఆవిడే మోస్తున్నారన్నమాట!

లేచి నిలబడ్డాను. "గేదె కాదు. యూరియా. చల్లింది నేను." ఆ రోజు గోడ దగ్గర ఎంత గొంతుతో అరిచానో అంత గొంతుతోనే చెప్పాను.

వదినగారు కాఫీ కప్పు గడ్డి మీద పెట్టి వెళ్ళిపోయారు. ఇవాళ గోడ అవతల కనబడలేదు. క్షమిస్తారో లేదో, అది ఆవిడ ఇష్టం. ఆ విషయంలో మాత్రం నేను వాదించను.

ఈ పొద్దున చెప్పులు గేటు దగ్గర వదిలేశాను. నా లాన్ మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాను, తల ఎత్తుకుని.